పెట్టె అడుగున ఉన్న పుస్తకం



కోతపండుగల కాలంలో మాకు ఇంటిపట్టున ఉండే ఆదివారం దొరకదు. ఈసారి దేవరకొండ వైపు ఒక పల్లె సంఘం వారు పిలిచారు. ఆరాధన ముగిసింది. మందిరం ముందు వేపచెట్టు కింద గుమ్మడికాయలు, జొన్న కంకులు, కందులు, రెండు పుంజులు, ఒక మేకపిల్ల వేలం కూడా ముగిసింది. (పుంజుల దగ్గర పోటీపడి పాట పాడినవారు ఆ డబ్బు కట్టారా లేదా అన్నది వేరే సంచికకు తగిన సంగతి.) తర్వాత మమ్మును ఒక ఇంటికి భోజనానికి తీసుకొని వెళ్లారు. ఆ ఇంటికి పెద్ద ఒక అవ్వ. ఎనభై దాటిన మనిషి. చూపు మందగించింది గాని మాట మందగించలేదు.

అన్నాలు తిని చేతులు కడుక్కున్నాక అవ్వ మనుమణ్ణి పిలిచింది. "పెట్టె తెరువు బిడ్డా, అయ్యగారికి మా మామ పుస్తకం సూపియ్యి" అన్నది.

మంచం కింద నుంచి రేకుపెట్టె బయటికి వచ్చింది. పాత చీరలు, ఒక ఇత్తడి చెంబు, దుప్పటి తీసిన తర్వాత అడుగున గుడ్డలో చుట్టిన పొడవాటి పద్దుల పుస్తకం ఉన్నది. అవ్వ మామగారు ఆ ఊళ్లోనూ చుట్టుపక్కల నాలుగు పల్లెల్లోనూ ఉపదేశిగా పనిచేసినవాడు. పుస్తకం ఒక వైపు నుంచి చదివితే సంఘం లెక్కలు, తిరగేసి చదివితే ఇంటి లెక్కలు. ఎవరింట పుట్టుక, ఎవరికి బాప్తిస్మము, గత్తర తగిలిన ఏడు ఏ ఇంట ఎందరు పోయారు, కానుకగా ఎవరు ఎన్ని మానెల జొన్నలు తెచ్చారు, దొరగారు వచ్చి ఏ చెరువుగట్టు మీద గుడారం వేశారు, ఆ రోజు ఎంతమంది కూడుకున్నారు అన్నీ ఉన్నాయి. చేతిరాత గుండ్రంగా, ముద్దుగా ఉన్నది. కొన్ని పుటలకు చెదలు అంచులు కొరికింది. అయినా అక్షరం చెడలేదు.

ఇటువంటి పుస్తకం చూచినప్పుడు మాకు కలిగే సంతోషం ఈ పత్రిక చదివేవారికి తెలియనిది కాదు. దీనిని కొన్నాళ్లు ఇస్తే నకలు తీసుకొని భద్రంగా తెచ్చి ఇస్తామని అడిగాము.

మనుమడు పట్నంలో ఉపాధ్యాయుడు, నెమ్మదైన మనిషి. "తీసుకొని పోండి అయ్యగారూ. కాకపోతే ఒక్క కాగితం తీసేసి ఇస్తాను. అది మీకు అక్కరకు వచ్చేది కాదు" అన్నాడు. అతని వేలు అప్పటికే ఆ పుట దగ్గర ఉన్నది. మేము చదవనివ్వమని అడిగితే కాదనలేక ఇచ్చాడు.

ఆ పుటలో ఉన్నది ఇది. వానలు లేని ఒక ఏడు ఉపదేశి తన ఇంటి జొన్నలు సంఘంలోని ఇళ్లకే నాగుకు ఇచ్చాడు. నాగు అంటే ఏమిటో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. గింజలు ఇచ్చి, పంట రాగానే గింజలకు గింజలే వడ్డీ వేసి కొలిపించుకోవడం. సంగతి సంఘ పెద్దల ముందుకు వచ్చింది. ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉండాలనీ, వడ్డీగా తీసుకున్న గింజలు ఏ ఇంటివి ఆ ఇంటికి తిరిగి కొలవాలనీ తీర్మానం చేశారు. ఆ తీర్మానాన్ని పుస్తకంలో రాసినవాడు ఆ ఉపదేశే. అదే గుండ్రని చేతిరాత. ఎక్కడా చెయ్యి వణికిన గుర్తు లేదు. కింద ఇళ్ల పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట ఎన్ని కుంచాలు, తిరిగి కొలిచిన చోట అడ్డంగా ఒక గీత.

"మా తాతకు తండ్రి అంత పేరున్న మనిషి. రేపు ఇది పత్రికలో పడితే మా ఇంటిని ఏమనుకుంటారు?" అన్నాడు మనుమడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటి పరువు ఇంటివారిది. పైగా అడుక్కోవడానికి వచ్చినవాళ్లము మేము. కొద్దిసేపు ఆగమని మాత్రం బ్రతిమాలుకున్నాము. ఆ కొద్దిసేపట్లో మేము అతనికి చెప్పిన కథను పాఠకులకు కాస్త విపులంగా చెప్పనివ్వండి.

ఇంగ్లండులో నార్విచ్ పట్టణం పక్కన ఎర్లామ్ అనే పెద్ద ఇల్లు ఉన్నది. అందులో గర్నీ అనే కుటుంబం ఉండేది. వారు క్వేకర్లు. క్వేకర్లు అంటే స్నేహితుల సంఘంవారు. పాస్టరుగారు ఉండరు, పాటలు ఉండవు, ఆత్మ ప్రేరేపించిన దాకా అందరూ మౌనంగా కూర్చుంటారు. ఒట్టు పెట్టుకోరు, యుద్ధానికి పోరు. అంగడిలో బేరం ఉండదు, ఒకటే ధర. పసిపిల్లను పంపినా అదే ధర, పెద్దమనిషి వచ్చినా అదే ధర. అందుచేత జనం వారిని నమ్మారు, నమ్మినందుచేత వారి వ్యాపారం పెరిగింది. గర్నీలు మొదట ఉన్ని, నూలు వర్తకులు. 1770లో నార్విచ్‌లో బ్యాంకు పెట్టారు. ఆ బ్యాంకే 1896లో మరికొన్ని బ్యాంకులతో కలిసి నేటి బార్క్‌లేస్ బ్యాంకు అయింది.

ఆ కుటుంబంలో 1780లో పుట్టిన ఎలిజబెత్‌ను 1800లో జోసెఫ్ ఫ్రై అనే మరొక క్వేకరు వర్తకునికి ఇచ్చి పెళ్లి చేశారు. పదకొండుమంది పిల్లల తల్లి. ఈమె 1813లో లండన్‌లోని న్యూగేటు జైలులో ఆడ ఖైదీల గదిలో అడుగుపెట్టింది. ఆ దుర్గంధంలో తల్లులతోపాటు పసిపిల్లలు కూడా నేల మీద పడి ఉండడం చూచింది. 1817 నాటికి ఆ జైలులోనే పిల్లలకు బడి, తల్లులకు కుట్టుపని, వారిని చూచుకోవడానికి స్త్రీల సంఘం ఏర్పాటు చేసింది. ఆమె తమ్ముడు జోసెఫ్ జాన్ గర్నీ బానిసత్వాన్ని ఎదిరించి దేశాలు తిరిగాడు. ఆమె చెల్లెలి భర్త థామస్ ఫవెల్ బక్స్‌టన్ పార్లమెంటులో ఆ పోరాటానికి నాయకుడు. 1833లో బానిసత్వ నిషేధ చట్టం వచ్చింది. ఇంగ్లండువారు ఆమె బొమ్మను 2002 నుంచి 2017 దాకా తమ అయిదు పౌన్ల నోటు మీద వేశారు.

ఇంతవరకు చెప్పితే ఎవరైనా అట్ట మీద బంగారు అక్షరాలతో అచ్చువేస్తారు. కాని మేము ఆ ఉపాధ్యాయునికి చెప్పదలచినది 1828 సంగతి. ఆ ఏడు జోసెఫ్ ఫ్రై బ్యాంకు మునిగిపోయింది. నమ్మి డబ్బు దాచుకున్నవారు మునిగారు. ఆనాటి క్వేకర్లు అప్పు తీర్చలేకపోవడాన్ని ఇంటి కష్టంగా మాత్రమే ఎంచేవారు కాదు. సంఘం విచారణ చేసేది. విచారణ చేశారు, జోసెఫ్ ఫ్రైని సభ్యత్వం నుంచి తీసివేశారు. భార్య అప్పటికి దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి. అయినా ఆ ముఖం చూచి భర్తను విడిచిపెట్టలేదు. తీసివేసిన సంగతి సంఘం పుస్తకంలో రాశారు. ఎలిజబెత్ తన దినచర్య పుస్తకాల్లో ఆ బాధను దాచుకోలేదు.

1845లో ఆమె చనిపోయింది. రెండేళ్లకు కూతుళ్లిద్దరు తల్లి దినచర్య నుంచి, ఉత్తరాల నుంచి ఏరికూర్చి రెండు సంపుటాలు అచ్చువేశారు. తల్లిని ఎంతో చక్కగా చూపించారు. ఆమెకు కలిగిన విసుగు, తన మీద తనకున్న అనుమానం, ఇల్లు విడిచి తిరుగుతున్నందుకు పడిన మనోవేదన చాలా మటుకు పక్కకు పెట్టారు. కూతుళ్లు కదా, మనమైనా అంతే చేస్తాము. అయితే అసలు పుస్తకాలను పొయ్యిలో పెట్టలేదు. ఆ చేతిరాత ప్రతులు, గర్నీ కుటుంబం ఉత్తరాలు లండన్‌లో స్నేహితుల సంఘం గ్రంథాలయంలో నేటికీ ఉన్నాయి. తర్వాతివారు వాటిని చదివి, రాతివిగ్రహం లాంటి ఆ దొరసాని వెనుక అలసిపోయి, భయపడి, అయినా మర్నాడు జైలుకు వెళ్లిన స్త్రీని చూడగలిగారు. మా మట్టుకు మాకు ఆ రెండవ స్త్రీయే దగ్గరి మనిషిగా కనిపిస్తుంది.

కాగితాలు దాచడం క్వేకర్లకు ధనం వచ్చిన తర్వాత పట్టుకున్న ముచ్చట కాదు. 1650ల్లో వారిని జైళ్లలో కుక్కుతున్న రోజుల్లోనే మొదలుపెట్టారు. ఎవరిని ఏ ఊళ్లో పట్టుకున్నారు, చర్చి పన్ను కట్టనందుకు ఎవరి ఇంట్లో ఏ గిన్నె, ఏ ఆవు జప్తు చేశారు, దాని వెల ఎంత అని ఊరూరి నుంచి రాయించి పుస్తకాలకు ఎక్కించారు. పేరులేని కూలివాని గిన్నె కూడా అందులో ఉన్నది. మరొక సంగతి. 1840లో ప్రభుత్వం వారి జనన మరణ వివాహ రిజిస్టర్లను స్వాధీనం చేయమన్నది. ఇచ్చారు. ఇచ్చే ముందు వాటి సారం అంతా నకళ్లు రాసి తమ దగ్గర ఉంచుకున్నారు. కచేరీకి అసలు కాగితం ఇచ్చి ఉత్త చేతులతో ఇంటికి వచ్చిన మన రైతులను తలచుకుంటే ఈ తెలివి విలువ తెలుస్తుంది.

ఇంగ్లండు క్వేకర్ల కథ నల్గొండ, పాలమూరు పల్లెలకు ఎందుకని అడగవచ్చు. మనుమడు కూడా అదే అడిగాడు. ఒక దారి ఉన్నది, వంకర దారి అయినా నిజమైన దారి. విలియం ఆలెన్ అనే క్వేకరు లండన్‌లో మందుల వర్తకుడు, బడుల కోసం, జైళ్ల బాగు కోసం, బానిసల కోసం పాటుపడినవాడు. అతడు 1819లో స్టీఫెన్ గ్రెలే అనే మరొక క్వేకరుతో కలిసి రష్యా దేశమంతా తిరిగాడు. దక్షిణాన ద్నీపర్ నది ప్రాంతంలో మెన్నోనైట్ల పల్లెలకు వెళ్లారు. మెన్నోనైట్లు కూడా ఒట్టు పెట్టనివారు, కత్తి పట్టనివారు. భాష వేరైనా ఈ రెండు సంఘాలవారు ఒకరినొకరు చుట్టాలను చూచినట్టు చూచుకున్నారు. ఆలెన్ దినచర్య రాసుకున్నాడు, అది 1846లో అచ్చయింది. అందువల్లనే ఆ ప్రయాణం సంగతి నేడు మనకు తెలుస్తున్నది.

ఆ మెన్నోనైట్ పల్లెల్లో ఐన్‌లాగె ఒకటి. 1819కి సరిగ్గా డెబ్బై ఏళ్ల తర్వాత, 1889లో, అక్కడి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం పక్షాన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ మన దేశానికి బయలుదేరారు. జర్మనీలో హాంబర్గు బాప్టిస్టు సెమినరీలో చదువుకున్నవారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేయడానికి వచ్చి, సికింద్రాబాదులో తెలుగు నేర్చుకొని, 1890లో నల్గొండకు చేరారు. పాలమూరులో అంతకుముందే, 1885 నుంచి, బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చూట్ దొరగారు ఉన్నారు. తర్వాత రష్యా నుంచి మరికొందరు వచ్చి సూర్యాపేట, జనగామ, భువనగిరి, మహబూబ్‌నగర్‌లలో పనిచేశారు. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ వారి మొదటి మిషనరీ నికొలస్ హీబర్ట్ గారు వచ్చారు. 1907లో వచ్చిన డాక్టరు కేథరీనా షెల్లెన్‌బర్గ్ దొరసానిగారు నాగర్‌కర్నూలులోను శంషాబాదులోను రోగులను చూస్తూ, 1945లో ఈ నేలలోనే కన్నుమూశారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల స్థలాలు బాప్టిస్టుల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ చేతికి వచ్చాయి. ఈ పేర్లలో కొన్ని మన సంఘాల శంకుస్థాపన రాళ్ల మీద ఉన్నాయి. కొన్నిటి మీద సున్నం కొట్టేశారు.

ఫ్రీసెన్ దొరగారి ఊరు ఐన్‌లాగె ఇప్పుడు లేదు. 1932లో ద్నీపర్ నది మీద పెద్ద ఆనకట్ట పూర్తయినప్పుడు ఆ ఊరు నీటి పాలయింది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండి కృష్ణ, తుంగభద్ర ఒడ్డుల ఊళ్లు మునిగినప్పుడు మూటలు కట్టుకొని గట్టుకు చేరిన పాలమూరు వారికి ఆ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. మునిగిన ఊరిలో ముందు పోయేది కాగితమే. గింజలు మోస్తారు, గొడ్లను తోలుకుంటారు, దూలాలు కూడా పీక్కుంటారు. కాగితాల మూట చివరిదాకా చూరులోనే ఉంటుంది.

అయితే దొరగారి పక్షాన ఒక మేలు జరిగింది. ఇక్కడి మిషనరీలు రాసిన ఉత్తరాలు మెన్నోనైట్ల జర్మన్ పత్రికల్లో అచ్చవుతూ ఉండేవి. 1884లో అమెరికాలో మొదలైన ట్సియోన్స్‌బోటె అనే పత్రిక అందులో ముఖ్యమైనది. రష్యాలో 1917 విప్లవం, ఆ తర్వాత అంతర్యుద్ధం, కరువు వచ్చి ఆ పల్లెలవారు చెల్లాచెదురైపోయినా అచ్చయిన ఉత్తరాలు నిలిచాయి. అమెరికా మిషన్ బోర్డు కాగితాలు కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే ఊరిలో మెన్నోనైట్ బ్రదరెన్ అధ్యయన కేంద్రంలో ఉన్నాయి. వాటిని చదివి పీటర్ పెన్నర్ గారు 1997లో, పాల్ వీబే గారు 2010లో మన సంఘాల మీద పెద్ద పుస్తకాలు రాశారు. శంషాబాదులో 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ గారు పాలమూరు జిల్లాలోని ఒక గ్రామం మీద 1971లో అచ్చువేసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయాల్లో చదువుతారు. అన్నీ ఇంగ్లీషులోనే.

చూడండి, ఒక్క పల్లె సంఘం చరిత్ర ఎన్ని చోట్ల పడి ఉన్నదో. దొరగారి ఉత్తరం జర్మన్‌లో, అదీ నేటి జర్మన్ పిల్లలే తడుముకునే పాత అచ్చులో. కాంపౌండు జాగా కాగితం నిజాం రాజ్యపు ఉర్దూలో. ఊరిలో ఉర్దూ చదవగల ముసలివారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన తెలుగు కాగితం మాత్రమే మన చేతిలో ఉన్నది, అదీ పెట్టె అడుగున. మిషను రిపోర్టుల్లో ఉపదేశులు, బైబిలు స్త్రీలు చాలాసార్లు లెక్కగానే కనిపిస్తారు, ఇందరు సహాయకులు అని. ఆ ఇందరిలో ఒకరి పేరు, ఊరు, ఆమెకు నెలకు ముట్టిన జీతం, ఆమె నడిచిన దూరం తెలియాలంటే ఫ్రెస్నోకు పోయి ఏమి లాభం? అవ్వ పెట్టె దగ్గరికే రావాలి.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం మాకు బాధ్యత ఉన్న ఒక సంఘంలో మందిరం పైకప్పు మార్చాము. పాత బీరువా బయట పెట్టించాము. పనివాళ్లు అడిగితే అందులోని చిరిగిన పుస్తకాలు రంగు డబ్బాల కింద పరచుకోమన్నది మేమే. తెరచి చూడలేదు. మూడేళ్ల తర్వాత ఒక విధవరాలు వచ్చింది. భర్త చేసిన ఉద్యోగానికి కుటుంబ పింఛను రావాలి, పెళ్లి రుజువు చూపమన్నారు. "మీరే కదా అయ్యగారూ పుస్తకంలో వేలిముద్ర పెట్టించింది" అన్నది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరులు, ఇద్దరు సాక్షులు, పెళ్లి చేసిన అయ్యగారు పెట్టిన సంతకాలు ఉండవలసిన పుస్తకం అది. మా దగ్గర లేదు. సాక్షుల్లో ఒకరు చనిపోయారు, ఒకరు బొంబాయికి పోయి ఏళ్లయింది. ఆ తల్లి కచేరీల చుట్టూ పదహారు నెలలు తిరిగింది. చివరకు పింఛను వచ్చింది. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికగా ఉండేది.

యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయం ఆ తర్వాతనే మాకు సరిగా అర్థమయింది. శత్రువు పట్టణం చుట్టూ ముట్టడి వేసి ఉన్నాడు. ప్రవక్త చెరసాలలో ఉండి పదిహేడు తులముల వెండికి పొలం కొంటాడు. ముద్ర వేసినది ఒకటి, ముద్ర లేనిది ఒకటి, రెండు పత్రాలను మట్టికుండలో పెట్టించమని బారూకుకు చెబుతాడు, చాలా దినాలు ఉండేటట్లు. రెండు ప్రతులు చేయడం, చెదపట్టని చోట పెట్టడం కూడా ఆయన విశ్వాసంలో భాగమే. నాలుగు అధ్యాయాలు దాటితే, రాజు చలిమంట ముందు కూర్చుండి తనకు నచ్చని గ్రంథాన్ని చాకుతో కోసి కోసి నిప్పులో వేస్తాడు. అవ్వ మనుమడు ఆ రాజు కాదు, అతనికి తాత మీద ప్రేమ. కాని పుటకు కత్తి తెలియదు, ప్రేమ తెలియదు, పోతే పోయినట్టే.

మీ ఇళ్లలో ఇటువంటివి ఉంటే మా విన్నపం ఇంతే. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. అది కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాన్ని కూడా తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. కాగితాన్ని మళ్లీ విడదీయలేరు. ఎండిన వేపాకు పలుచని గుడ్డలో కట్టి పక్కన పెట్టి, రేకుపెట్టెను నేల మీద కాక ఇటుకల మీద ఉంచండి. పగటి వెలుతురులో, నీడపట్టున, ఫోనుతో పుట పుటకు ఫొటో తీయండి. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి సంఘంలో, ఒకటి దూరాన ఉన్న బిడ్డ దగ్గర ఉండాలి. పాత ఫొటో వెనుక పెన్సిలుతో పేర్లు రాయండి. ఈ పని రేపటికి వాయిదా వేయకండి. పేర్లు చెప్పగలిగినవారికి ఎనభై దాటుతున్నాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ ఇప్పుడు ఎన్నో జిల్లాలైనాయి గనుక ఏ కాగితం ఏ ఊరిదో, ఆనాడు ఏ తాలూకాలో ఉండేదో కూడా రాస్తే తర్వాతివారు వెదుక్కోవలసిన పని ఉండదు.

ఇక ఆ ఇంటి సంగతి. మేము చెప్పినదంతా మనుమడు విన్నాడు. "ఆ దొరలు పెద్దవాళ్లు అయ్యగారూ. వాళ్ల తప్పు కూడా పెద్ద కథ అవుతుంది. మాలాంటోళ్ల తప్పు తప్పుగానే ఉంటుంది" అన్నాడు. దీనికి మా దగ్గర జవాబు లేదు. అతని మాటలో నిజం ఉన్నదని ఒప్పుకున్నాము. పుట ఉంచడమో తీయడమో మీ ఇష్టం, ఉంచితే మీ సెలవు లేకుండా ఇంటి పేరు గాని ఊరి పేరు గాని రాయము అని మాట ఇచ్చాము. అందుకే ఇందులో పేర్లు లేవు.

అంతసేపు గోడకు ఆనుకొని వింటున్న అవ్వ, "ఏం రాసిండు, సదువు బిడ్డా" అన్నది. చదువురాని మనిషి. ఇన్నేళ్లు ఆ పుస్తకాన్ని దాచింది గాని అందులో ఏమున్నదో ఆమెకు ఎవరూ పూర్తిగా చదివి చెప్పలేదు. మనుమడు కొంచెం తడబడి చదివాడు. నాగు సంగతి, ఆరు నెలల సంగతి, కింది పేర్లు. ఒక్కొక్క పేరు వినగానే అవ్వ ఆ ఇల్లు ఎక్కడో చెప్పింది, చింతచెట్టు కాడి ఇల్లు, బాయికాడి ఇల్లు అని. అన్ని పేర్ల ఎదుట గీత ఉన్నది. ఒక్కదాని ఎదుట లేదు. రెండు కుంచాలు అని ఉన్నది, గీత లేదు.

"వాళ్లు గా కరువుల దేశం పోయిండ్రు. కొలుద్దామన్నా ఇంట్ల మనిషి లేకుండె" అన్నది అవ్వ. కాసేపు ఊరుకొని, "మల్లొచ్చిండ్రు గదా. వాళ్ల మనుమడే పొద్దున పుంజును పాడింది" అన్నది.

మేము బస్సుకు లేచేసరికి అవ్వ గాదె దగ్గర కూర్చుండి కోడలి చేత జొన్నలు కొలిపిస్తున్నది. మనుమడు పుస్తకాన్ని మునుపటి గుడ్డలోనే చుట్టి మా చేతికి ఇచ్చాడు. బస్సులో కూర్చున్నాక విప్పి చూచాము. పుట ఉన్నది. ఆ చివరి పేరు ఎదుట పెన్సిలుతో కొత్త గీత ఉన్నది, పక్కన ఆ నాటి తారీఖు.